రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం: మీరే లెక్క కట్టుకునే పద్ధతి

రెండు చిన్న విమానాశ్రయాల మధ్య దూరమెంతో, ఎంతసేపట్లో చేరతామో నెట్‌లో వెతికితే ఒక్కో సైటు ఒక్కో అంకె చూపిస్తుంది. ఒకటి 171 అంటుంది, ఇంకొకటి 106 అంటుంది, మూడోది 92 అని ఊరుకుంటుంది. సమయం దగ్గరికొస్తే గందరగోళం ఇంకా పెరుగుతుంది. ఒకచోట 13 నిమిషాలు, మరోచోట 45 నిమిషాలు. ఏది నమ్మాలి?

దూరం విషయంలో ఆ మూడు అంకెలూ నిజమే. 171 కిలోమీటర్లన్నా, 106 మైళ్లన్నా, 92 నాటికల్ మైళ్లన్నా ఒకటే దూరం. సమయం మాత్రం అలా కాదు. 13 నిమిషాలనేది దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే వచ్చే అంకె. ఏ విమానమూ ఆ దూరాన్ని అంతలో దాటదు. చిన్న రూట్లలో సమయాన్ని తేల్చేది దూరం కంటే ఎక్కువగా దూరంతో సంబంధం లేని నిమిషాలు: రన్‌వే దాకా నడిచే నిమిషాలు, పైకి ఎక్కే నిమిషాలు, మలుపు తిరిగి దిగే నిమిషాలు. అందుకే దూరం లెక్క, సమయం లెక్క రెండూ విడివిడిగా చేయాలి.

ఈ మార్గదర్శి పొడవునా ఒకే జత విమానాశ్రయాలను ఉదాహరణగా తీసుకుందాం. ఒకటి స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న ఇన్వర్నెస్, రెండోది ఓర్క్నీ దీవుల్లోని కర్క్‌వాల్. రెండూ నిజమైన ప్రాంతీయ విమానాశ్రయాలు, మధ్యలో సముద్రం ఉంది, రోడ్డు, ఓడ కలిపి వెళ్లే దారి కూడా ఉంది. కాబట్టి ప్రతి అడుగునూ అంకెలతో సరిచూసుకోవచ్చు. మీ రూటు ఏదైనా ఆ అంకెల స్థానంలో మీవి పెట్టుకుంటే చాలు.

1. ముందు సరైన విమానాశ్రయాన్ని పట్టుకోండి

ఇది చాలామంది దాటేసే పని. ఊరి పేరుతో వెతక్కండి, కోడ్‌తో వెతకండి. దాదాపు ప్రతి విమానాశ్రయానికీ టికెట్ మీద కనిపించే మూడక్షరాల ఐయాటా కోడ్ ఉంటుంది. పైలట్లు, కంట్రోలర్లు వాడే నాలుగక్షరాల ఐకావో కోడ్ వేరే ఉంటుంది. ఇన్వర్నెస్‌కు ఐఎన్‌వీ, ఈజీపీఈ. కర్క్‌వాల్‌కు కేఓఐ, ఈజీపీఏ. మరీ చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లకు ఐయాటా కోడ్ లేకపోవచ్చు, అప్పుడు నాలుగక్షరాల కోడే దిక్కు.

పేర్లతో వచ్చే చిక్కు చిన్నది కాదు. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అమెరికాలోని అలబామాలోనూ ఉంది. పోర్ట్‌లాండ్ ఓరెగాన్‌లోనూ, మెయిన్‌లోనూ ఉంది. సిడ్నీ అనగానే ఆస్ట్రేలియా గుర్తొస్తుంది గానీ, కెనడాలోని నోవా స్కోషియాలోనూ ఓ సిడ్నీ ఉంది, దానికీ విమానాశ్రయం ఉంది. ఆ రెండిటి మధ్య పొరబడి టికెట్ కొనుక్కుని, తీరా అక్కడ దిగాక నాలుక్కరుచుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంకో సంగతి: ఊరి మధ్య నుంచి కొలిచిన దూరం వేరు, విమానాశ్రయం నుంచి కొలిచిన దూరం వేరు. ఇన్వర్నెస్ విమానాశ్రయం ఊరికి ఈశాన్యంగా దాదాపు 13 కిలోమీటర్ల దూరంలో డాల్‌క్రాస్ అనే చోట ఉంది. వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఈ తేడా లెక్కలోకి రాదు. 171 కిలోమీటర్ల రూట్లో వస్తుంది.

2. నేరు దూరం లెక్క కట్టడం

భూమి గుండ్రం కాబట్టి రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం మీదుగా, అంటే భూమిని సరిగ్గా రెండు సగాలు చేసే వృత్తం మీదుగా సాగుతుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్లో రెండు కోడ్‌లు కొడితే ఆ దూరం వెంటనే వస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఒక చోట రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో చోట క్లిక్ చేస్తే సరిపోతుంది. ఫోన్లో అయితే ఆ చోట వేలు కాసేపు నొక్కి ఉంచాలి.

అయినా ఒక్కసారి చేత్తో లెక్క కట్టి చూడమని నా సలహా. ఎందుకంటే సైటు చూపించే అంకె తప్పయితే పట్టుకోగలిగేది లెక్క తెలిసినవాళ్లే. ప్రాంతీయ రూట్లకు పెద్ద గణితం అక్కర్లేదు. ఐదారు వందల కిలోమీటర్ల లోపైతే స్కూల్లో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం చాలు.

ఇన్వర్నెస్ అక్షాంశం 57.54 ఉత్తరం, రేఖాంశం 4.05 పడమర. కర్క్‌వాల్ అక్షాంశం 58.96 ఉత్తరం, రేఖాంశం 2.91 పడమర.

అక్షాంశాల తేడా 1.42 డిగ్రీలు. ఒక్కో అక్షాంశ డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. కాబట్టి ఉత్తరం వైపు దూరం 1.42 × 111 = 157.6 కిలోమీటర్లు.

రేఖాంశాల తేడా 1.14 డిగ్రీలు. ఇక్కడ జాగ్రత్త పడాలి. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరపడతాయి. భూమధ్యరేఖ దగ్గర మాత్రమే ఒక రేఖాంశ డిగ్రీ 111 కిలోమీటర్లు. మిగతా చోట్ల ఆ అంకెను అక్కడి అక్షాంశపు కొసైన్ విలువతో గుణించాలి. రెండు విమానాశ్రయాల సగటు అక్షాంశం 58.25, దాని కొసైన్ 0.526. కాబట్టి తూర్పు వైపు దూరం 1.14 × 111 × 0.526 = 66.6 కిలోమీటర్లు.

ఈ రెండిటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 171 కిలోమీటర్లు. పూర్తి గోళ గణితంతో, భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని చేసినా అర కిలోమీటరు కూడా తేడా రాదు. కొసైన్‌తో గుణించడం మరిచిపోతే మాత్రం 202 కిలోమీటర్లు వస్తుంది. ఒక్క గుణకారం వదిలేసినందుకు 31 కిలోమీటర్ల తప్పు.

తప్పు దొర్లే చోట్లు ఇంకో రెండున్నాయి. చార్టుల్లో, ఎన్‌సైక్లోపీడియాల్లో స్థానాన్ని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇస్తారు. ఇన్వర్నెస్ 57 డిగ్రీల 32 నిమిషాలు అని ఉంటే దాన్ని 57.32 అని రాసేస్తుంటారు. అది తప్పు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 32ను 60తో భాగించాలి, సెకన్లు కూడా కలిపితే 57.54 అవుతుంది. రెండు చోట్లా ఈ పొరపాటు చేస్తే మన ఉదాహరణలో ఉత్తర దూరమే 19 కిలోమీటర్లు తగ్గిపోతుంది. రెండోది గుర్తు. పడమర రేఖాంశానికి, దక్షిణ అక్షాంశానికి మైనస్ పెట్టాలి. రెండిటికీ మర్చిపోతే బతికిపోతాం. ఒక్కదానికి మర్చిపోతే తీసివేయాల్సింది కూడిక అయిపోతుంది.

మామూలు ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి కొలవడం మాత్రం వద్దు. మర్కేటర్ పద్ధతిలో గీసిన పటం 60 డిగ్రీల అక్షాంశం దగ్గర దూరాలను రెట్టింపు చేసి చూపిస్తుంది.

3. యూనిట్ ఏదో తేల్చుకోండి

విమానయానం మొత్తం నాటికల్ మైళ్లలో, నాట్లలో నడుస్తుంది. ఒక నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. ఎయిర్‌లైన్ల లాయల్టీ లెక్కల్లో, అమెరికన్ సైట్లలో కనిపించేది ఎక్కువగా ఈ మామూలు మైలే. విమానం వేగం నాట్లలో దొరుకుతుంది కాబట్టి దూరాన్ని కూడా నాటికల్ మైళ్లలోకి మార్చుకుంటే తర్వాతి లెక్కలన్నీ తేలిక. 171ని 1.852తో భాగిస్తే 92.

4. విమానం నిజంగా ఎగిరే దారి

నేరు గీత మీద విమానం ఎగరదు. ఎంత పక్కకు పోతుందన్నది ముఖ్యంగా రన్‌వే చెబుతుంది. చిన్న రూట్లలో ఇది చాలా పెద్ద విషయం, కానీ దూరం చూపించే సైట్లలో దీని ఊసే ఉండదు.

రన్‌వే మీద రాసిన అంకెకు చివర సున్నా చేరిస్తే అది చూసే దిక్కు డిగ్రీల్లో తెలుస్తుంది (ఉత్తరం 0, తూర్పు 90). ఇన్వర్నెస్ రన్‌వేకు ఒక కొసన 05, రెండో కొసన 23. అంటే విమానం దాదాపు 50 డిగ్రీల దిక్కుకో, 230 డిగ్రీల దిక్కుకో మాత్రమే టేకాఫ్ అవ్వగలదు. మనం వెళ్లాల్సిన కర్క్‌వాల్ 23 డిగ్రీల దిక్కున, అంటే ఉత్తరానికి కాస్త తూర్పుగా ఉంది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా లేస్తుంది. అక్కడ నైరుతి గాలులే ఎక్కువ. నైరుతి గాలి వీస్తున్న రోజు రన్‌వే 23 మీద, అంటే 230 డిగ్రీల వైపు, వెళ్లాల్సిన దిక్కుకు దాదాపు వ్యతిరేకంగా లేచి, గాల్లో 150 డిగ్రీలకు పైగా తిరిగి, అప్పుడు ఉత్తరానికి సాగాలి.

కర్క్‌వాల్‌లో ప్రధాన రన్‌వే 09, 27. అదే గాలికి 27 మీద దిగాలంటే పడమర ముఖంగా దిగాలి. కాబట్టి దక్షిణం నుంచి వస్తున్న విమానం ముందు తూర్పుకు వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, రన్‌వే వరసలోకి రావాలి. రెండు కొసల్లో కలిపి పది పదిహేను నాటికల్ మైళ్లు అదనంగా తిరగడం మామూలే. 92 నాటికల్ మైళ్ల రూటుకు అది పెద్ద భాగం. అదే విమానాలు వెయ్యి నాటికల్ మైళ్లు వెళ్లేటప్పుడు ఇంతే అదనం పడితే ఎవరూ పట్టించుకోరు.

సైనిక ప్రాంతాలు, కొండలు, పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉండే రద్దీ కూడా దారిని వంచుతాయి. అంచనా కోసం 300 కిలోమీటర్ల లోపు రూట్లకు నేరు దూరానికి 10 నుంచి 15 శాతం, అంతకు మించిన వాటికి 5 నుంచి 8 శాతం కలపండి. మన రూటును 105 నాటికల్ మైళ్లుగా తీసుకుందాం.

5. ఏ విమానమో కనుక్కోండి

టికెట్ బుక్ చేసేటప్పుడు విమానం రకం చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. దాన్ని తప్పకుండా చూడండి. ఏటీఆర్ 72-600 లాంటి టర్బోప్రాప్ (ఫ్యాన్ రెక్కలు తిరిగే విమానం) గరిష్ఠ క్రూజ్ వేగం, అంటే పైకెక్కాక నిలకడగా సాగే వేగం, 275 నాట్లు, అంటే గంటకు సుమారు 510 కిలోమీటర్లు. డాష్ 8-400 అదే కోవకు చెందినా ఇంకా వేగం, దాదాపు 360 నాట్ల దాకా పోతుంది. ఎంబ్రేయర్, ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్‌లు ఎత్తులో 450 నాట్ల దరిదాపుల్లో సాగుతాయి.

అంకెలు చూస్తే జెట్ సగం సమయంలోనే చేరాలనిపిస్తుంది. అలా జరగదు. కారణం ఎక్కడం, దిగడం. పైలట్లు దిగేటప్పుడు వాడే మోటు లెక్క ఒకటుంది: ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి 3 నాటికల్ మైళ్లు కావాలి. జెట్ తన సొంత ఎత్తయిన 35,000 అడుగుల నుంచి దిగాలంటే 105 నాటికల్ మైళ్లు పడుతుంది. మన రూటు మొత్తం నేరు దూరమే 92. ఎక్కడానికి కావాల్సిన దూరం ఇంకా కలపనే లేదు. అంటే ఈ రూట్లో జెట్ తన ఎత్తుకూ చేరలేదు, తన వేగాన్నీ అందుకోలేదు. దగ్గర దగ్గర స్టాపుల మధ్య తిరిగే సిటీ బస్సు టాప్ గేర్ చూడనట్టే ఇదీను. దానికి తోడు 10,000 అడుగుల లోపు 250 నాట్లు దాటకూడదన్న నియమం చాలా దేశాల్లో ఉంది. కింది ఎత్తుల్లో జెట్ ఇంధనం కూడా బాగా తాగుతుంది.

టర్బోప్రాప్ 15,000 అడుగులకు ఎక్కి ఆగితే దిగడానికి 45 నాటికల్ మైళ్లు చాలు. అందుకే ఐదు వందల కిలోమీటర్ల లోపు రూట్లలో ఫ్యాన్ రెక్కలు తిరిగే విమానాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఫ్యాన్ విమానం అనగానే పాతదనీ, నెమ్మదనీ మొహం చిట్లించేవాళ్లుంటారు. చిన్న దూరానికి సరైన బండి అదే. జెట్‌తో పోలిస్తే మీరు పోగొట్టుకునేది ఐదారు నిమిషాలు.

6. నిమిషాలు కూడడం

ఇప్పుడు లెక్క. 105 నాటికల్ మైళ్లను 275 నాట్లతో భాగించి 60తో గుణిస్తే 23 నిమిషాలు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి 7, 8 నిమిషాలు కలపాలి. గాల్లో ఉండేది దాదాపు అరగంట.

ప్రయాణికుడికి కావాల్సింది ఇది కాదు. టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్: విమానం పార్కింగ్ చోటు నుంచి కదిలిన క్షణం నుంచి, అవతల పార్కింగ్‌లో ఆగే క్షణం దాకా. రన్‌వే దాకా వెళ్లడానికి చిన్న విమానాశ్రయంలో ఐదు నిమిషాలు, దిగాక ఆగే చోటికి రావడానికి మూడు నిమిషాలు వేసుకోండి. రద్దీగా ఉండే పెద్ద విమానాశ్రయంలో బయల్దేరడానికే 15, 20 నిమిషాలు పోతాయి. ఆపైన ఎయిర్‌లైన్ ఆలస్యాలను సర్దుకోవడానికి టైమ్‌టేబుల్‌లో కాస్త వెసులుబాటు పెట్టుకుంటుంది. ఇవన్నీ కలిస్తే మన రూటుకు 40, 45 నిమిషాలు తేలుతుంది. అనుకున్న టైమ్ కంటే ముందే దిగిపోయామని పైలట్ ప్రకటించినప్పుడు చాలాసార్లు ఆ ఘనత ఈ వెసులుబాటుదే.

ఇంత వివరంగా వద్దు, చటుక్కున అంచనా కావాలంటే నేను వాడేది ఇది. టర్బోప్రాప్ అయితే నేరు దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని 500తో భాగించి గంటల్లో వచ్చినదానికి 22 నిమిషాలు కలపండి. జెట్ అయితే 800తో భాగించి అరగంట కలపండి. 171 కిలోమీటర్లకు 20 నిమిషాల పైచిలుకు, దానికి 22 కలిపితే 43 నిమిషాలు. మరీ చిన్న దూరాలకు, గంటల కొద్దీ సాగే రూట్లకు ఇది పనికిరాదు.

దూరంతో పనిలేని నిమిషాలు ఎంత బలమైనవో తెలియాలంటే అదే ఓర్క్నీలో ఇంకో రూటు చూడండి. వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య 2.7 కిలోమీటర్లు. ప్రపంచంలోకెల్లా అతి చిన్న షెడ్యూల్డ్ విమాన ప్రయాణంగా పేరున్న రూటు ఇదే. లోగన్ఎయిర్ 1967 నుంచి నడుపుతోంది. టైమ్‌టేబుల్‌లో 2 నిమిషాలు, గాలి కలిసొచ్చిన రోజు 53 సెకన్లలో దాటిన రికార్డు కూడా ఉంది. అక్కడ తిరిగే బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ గంటకు 240 కిలోమీటర్ల దాకా పోగలదు. కానీ 2.7 కిలోమీటర్లను 2 నిమిషాలతో భాగిస్తే సగటు వేగం గంటకు 81 కిలోమీటర్లు. రన్‌వే మీద పరుగు, ఎక్కడం, దిగడం తప్ప ఆ ప్రయాణంలో ఇంకేమీ లేదు.

7. గాలి

ఎగిరే ఎత్తులో నైరుతి నుంచి, 240 డిగ్రీల దిక్కు నుంచి, 40 నాట్ల గాలి వీస్తోందనుకోండి. మనం వెళ్లే 23 డిగ్రీల దిక్కుకు అందులో దాదాపు 32 నాట్లు వెనక నుంచి తోస్తుంది. నేల మీద వేగం 275 కాస్తా 307 అవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై 243కు తగ్గుతుంది. 105 నాటికల్ మైళ్లకు పోయేటప్పుడు 20 నిమిషాల 30 సెకన్లు, వచ్చేటప్పుడు 26 నిమిషాలు. మన రూటుకు ఐదు నిమిషాల తేడా. అదే విమానం, అదే గాలి, 500 నాటికల్ మైళ్ల రూటైతే పోను ఒక గంట 38 నిమిషాలు, రాను రెండు గంటల 3 నిమిషాలు.

పోయేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోయింది, మొత్తం మీద సమానం అనుకుంటారు. సమానం కాదు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి గాలి లేని రోజుతో పోలిస్తే రానూపోనూ మొత్తం ఎప్పుడూ కాస్త ఎక్కువే పడుతుంది. పై 500 నాటికల్ మైళ్ల లెక్కలో గాలి లేకపోతే రెండు వైపులా కలిపి 218 నిమిషాలు, గాలి ఉంటే 221. కాబట్టి రెండు వైపుల వేగాల సగటు తీసి దూరాన్ని భాగించకండి. ఏ వైపు సమయం ఆ వైపు విడిగా లెక్కేసి తర్వాత కూడండి.

8. నిజంగా ఎగిరిన విమానాలతో సరిచూడండి

అంచనా ఎంత బాగున్నా చివరి మాట రికార్డుదే. ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి సైట్లలో ఫ్లైట్ నంబర్ కొడితే గత కొద్ది రోజుల ప్రయాణాలు కనిపిస్తాయి. ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది, ఏ దారిన తిరిగింది, అన్నీ ఉంటాయి. విమానాలు తమ స్థానాన్ని తామే రేడియోలో ప్రసారం చేస్తుంటాయి, ఆ సంకేతాల్ని నేల మీది రిసీవర్లు పట్టుకుంటాయి. మారుమూల చోట్ల రిసీవర్లు తక్కువ కాబట్టి చిన్న విమానాశ్రయాల దగ్గర కింది ఎత్తుల్లో విమానం తెర మీద నుంచి మాయం కావచ్చు. కంగారు పడొద్దు.

ఆ పట్టికను చదివేటప్పుడు సగటు తీయకండి. ఒక రోజు రెండు గంటల ఆలస్యం సగటును పాడుచేస్తుంది. సమయాలన్నీ చిన్నది నుంచి పెద్దది వరకు వరసగా పేర్చి మధ్యలోది చూడండి, అది మామూలు రోజు. తర్వాత చిట్టచివరిది చూడండి. తర్వాతి ఓడకో, రైలుకో, ఆస్పత్రి అపాయింట్‌మెంట్‌కో మీ ప్లాన్ ఆ చివరి అంకెను తట్టుకోగలగాలి. ఓర్క్నీ వాళ్లు కొన్ని వైద్య పరీక్షల కోసం అబర్డీన్ దాకా విమానంలో వెళ్తారు. అలాంటి ప్రయాణంలో మధ్య అంకెను నమ్ముకుని టెన్షన్ పడేకంటే, చివరి అంకెకు తగ్గట్టు ముందు విమానం పట్టుకోవడం మేలు.

ఇంకో చూడాల్సిన సంగతి, అదే విమానం అంతకుముందు ఎక్కడి నుంచి వస్తోందన్నది. చిన్న విమానాలు రోజుకు ఆరేడు ట్రిప్పులు తిరుగుతాయి. ఉదయం ఇరవై నిమిషాలు లేటైతే సాయంత్రానికి అది పెరిగి గంట అవుతుంది. పొద్దున మొదటి ట్రిప్పు సాధారణంగా టైమ్‌కు లేస్తుంది. పొగమంచు ప్రాంతమైతే మాత్రం ఆ మొదటి ట్రిప్పే ఇరుక్కుంటుంది.

9. గడియారాల తేడా

బయల్దేరే సమయం, చేరే సమయం రెండూ ఆయా ఊళ్ల లోకల్ టైమ్‌లో రాస్తారు. ఇన్వర్నెస్, కర్క్‌వాల్ ఒకే టైమ్‌లో ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఆస్ట్రేలియాలో చూడండి. బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఉన్నా, పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియా టైమ్ పాటిస్తుంది. అదే రాష్ట్రంలోని డబ్బో కంటే అరగంట వెనక. డబ్బోలో 10:00కి లేచి బ్రోకెన్ హిల్‌లో 11:20కి దిగే విమానం గంటా ఇరవై నిమిషాల ప్రయాణం కాదు, గంటా యాభై నిమిషాలది. గోల్డ్ కోస్ట్ విమానాశ్రయం రన్‌వే క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ సరిహద్దును దాటి ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లో వేసవి సమయం పాటించరు, పక్క రాష్ట్రంలో పాటిస్తారు. కాబట్టి అక్కడి వేసవి నెలల్లో సరిహద్దుకు ఆ పక్క బస చేసినవాళ్ల గడియారం విమానాశ్రయం గడియారం కంటే గంట ముందుంటుంది.

అనుమానం వస్తే రెండు సమయాలనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి మార్చి తీసివేయండి.

10. నేరు విమానం లేకపోతే

రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య నేరు విమానం లేకపోవడమే ఎక్కువ. కర్క్‌వాల్ నుంచి పశ్చిమాన లూయిస్ దీవిలోని స్టోర్నోవేకు వెళ్లాలనుకోండి. నేరు దూరం సుమారు 215 కిలోమీటర్లు. ఇన్వర్నెస్ మీదుగా అయితే 171, ఆ తర్వాత 154, మొత్తం 325 కిలోమీటర్లు. అదనంగా పడ్డ 110 కిలోమీటర్లకు విమానం తీసుకునేది పావుగంటే. అసలు సమయం పోయేది రెండో టేకాఫ్, రెండో ల్యాండింగ్, మధ్యలో ఎదురుచూపు దగ్గర. రోజుకు రెండు మూడు విమానాలే ఉండే చోట ఆ ఎదురుచూపు నాలుగైదు గంటలు సాగవచ్చు. అందువల్ల ఇలాంటి ప్రయాణానికి దూరం చూడటం దండగ. టైమ్‌టేబుల్ ముందేసుకుని, ఏ రోజు ఏ విమానం ఉందో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. వారంలో కొన్ని రోజులే నడిచేవి, ఎండాకాలంలోనే నడిచేవి చాలా ఉంటాయి.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయా, వేర్వేరు టికెట్లా అన్నది తప్పకుండా చూసుకోండి. ఒకే టికెట్ అయితే మొదటిది లేటయినప్పుడు తర్వాతి దాంట్లో చోటు చూపించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. వేర్వేరు అయితే ఆ భారం మీదే, లగేజీ కూడా బయటికి తెచ్చుకుని మళ్లీ ఇవ్వాలి. అలాంటప్పుడు రెండిటి మధ్య కనీసం రెండు గంటలు పెట్టుకోండి. రోజులో అదే ఆఖరి విమానమైతే అంతకంటే ఎక్కువ.

11. ఇంటి గుమ్మం నుంచి గమ్యం దాకా

ఇప్పుడు మొత్తం కూడుదాం. ఇన్వర్నెస్ ఊళ్లోంచి విమానాశ్రయానికి అరగంట. చెకిన్, సెక్యూరిటీకి గంట. బ్లాక్ టైమ్ 45 నిమిషాలు. లగేజీకి పావుగంట. కర్క్‌వాల్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఐదు కిలోమీటర్లే, ఇంకో పావుగంట. మొత్తం రెండు గంటల 45 నిమిషాలు. గాల్లో ఉన్నది అరగంట మాత్రమే.

రోడ్డు, ఓడ దారి: ఇన్వర్నెస్ నుంచి ఉత్తర కొసనున్న స్క్రాబ్‌స్టర్ రేవుకు దాదాపు 180 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు. అక్కడి నుంచి స్ట్రోమ్‌నెస్‌కు ఫెర్రీ గంటన్నర. ఫెర్రీకి ముందు చేరాల్సిన సమయం ముప్పావు గంట. స్ట్రోమ్‌నెస్ నుంచి కర్క్‌వాల్‌కు 24 కిలోమీటర్లు, అరగంట. మొత్తం ఐదుంబావు గంటలు. విమానం రెండున్నర గంటలు ఆదా చేస్తోంది. మధ్యలో సముద్రం లేకుండా అదే 171 కిలోమీటర్ల దూరం మంచి హైవే మీద ఉండుంటే కారు రెండు, రెండుంబావు గంటల్లో చేరేది, విమానం ఓడిపోయేది. నేల మీద నేరుగా వెళ్లే వీలుంటే 250 కిలోమీటర్ల లోపు విమానం గెలవడం కష్టం. సముద్రమో, కొండల వరసో అడ్డుంటే వంద కిలోమీటర్లకైనా గెలుస్తుంది.

బయల్దేరే రోజు పొద్దున రెండు విమానాశ్రయాల వాతావరణ నివేదికలు చూడండి, ముఖ్యంగా దిగే చోటిది. మెటార్ అనే తాజా నివేదిక సాధారణంగా అరగంటకో, గంటకో మారుతుంది, టాఫ్ అనేది రాబోయే గంటల అంచనా. వాటిలో చూడాల్సినవి ఎంత దూరం కనిపిస్తోంది, మేఘాలు ఎంత ఎత్తులో ఉన్నాయి, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది అన్నవి మూడే. సముద్రపు పొగమంచు పట్టిన చోట విమానం పైన కాసేపు చుట్లు తిరిగి చూస్తుంది, తెరిపి ఇవ్వకపోతే ముందే రాసుకున్న ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి మళ్లుతుంది. ఆ ప్రత్యామ్నాయం మీ గమ్యం నుంచి ఎంత దూరమో, అక్కడి నుంచి బస్సో, ఓడో ఉందో లేదో ముందు రోజు రాత్రే కనుక్కుని ఫోన్లో రాసి పెట్టుకోండి.